యాభై అయిదు నిమిషాలు

నవంబరు 4, సోమవారం

ఆర్డరు వచ్చింది. మా అభ్యంతరం కొట్టేశారు.

అయిదు పేజీలు. నాలుగు పేజీల నిండా లేబర్ కోర్టుకు రాజధానిలో కట్టిన కొత్త భవనం గురించే. ఇక్కడి పాత భవనంలో వాన పడితే ఫైళ్ళు తడిసిపోతున్నాయట. కళ్ళనీళ్ళ పర్యంతమై రాశారు. కాగితం తడిస్తే ఇంతగా కరిగిపోయే వాళ్ళను నా జన్మలో చూడలేదు. మనుషుల సంగతి చివరి పేజీలో, పేరా ఏడులో గుర్తొచ్చింది: "రెండు నగరాల మధ్య విమాన దూరం నాలుగు వందల ఇరవై కిలోమీటర్లు, ప్రయాణ కాలం యాభై అయిదు నిమిషాలు అయినందున, కోర్టును మార్చడం వల్ల కక్షిదారులకు చెప్పుకోదగ్గ ఇబ్బంది కలుగుతుందని భావించలేము."

భావించలేరట. అదీ నిజమే. భావించడానికి కాస్త ఊహ కావాలి.

కక్షిదారు మా అక్క. తెలిసిన విషయమే మళ్ళీ రాసుకుంటున్నాను, కోపం చల్లారిపోకుండా. ఇరవై ఆరేళ్ళు నూలుమిల్లులో దూది ఏకే సెక్షనులో పనిచేసింది. దూది దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పోయాయి. ఇప్పుడు వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా వచ్చి, ద్వారబంధం పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని అప్పుడు "ఎవరూ?" అంటుంది. ఈలోగా వచ్చినవాడు వెళ్ళిపోతాడు. కంపెనీ మాత్రం ఆ జబ్బు వంటింటి పొగవల్ల వచ్చిందంటోంది. కాదు, మిల్లు దుమ్మువల్లే వచ్చిందని కోర్టు చేత ఒక్క వాక్యం రాయించాలి. అందుకోసమే కేసు. ఆ సెక్షనులో పనిచేసి అక్కలాగే దగ్గుతున్నవాళ్ళు ఇంకో నలభై మంది ఉన్నారు. అక్క కేసు నిలబడితే వాళ్ళవీ నిలబడతాయి. ఇది పడిపోతే అవీ అంతే.

అక్క స్వయంగా వెళ్ళి సాక్ష్యం చెప్పాలి. మొదటి వాయిదాకు ఆస్పత్రిలో ఉండి వెళ్ళలేదు. ఇప్పుడు డిసెంబరు అయిదున, రాజధానిలో.

పేరా ఏడులో మొదటి మాటలు ఇక్కడ ఎత్తి రాయలేదు. అవసరం లేదు.

నవంబరు 5

లాయరమ్మ ఫోను చేసింది. "పేరా ఏడు మొదటి మాటలు చూశారా రచయితగారూ?"

చూశానన్నాను.

"మళ్ళీ చూడండి" అని పెట్టేసింది.

నవంబరు 6

సరే, రాస్తున్నాను. "పిటిషనరు తన అభ్యంతరంలో స్వయంగా అంగీకరించిన ప్రకారం" అని మొదలవుతుంది ఆ పేరా.

అంగీకరించిన ప్రకారమట!

లాయరమ్మ రాసిచ్చిన అభ్యంతరం ఎండుపుల్లలా ఉంది. నేను దానికి కాస్త ప్రాణం పోశాను. చేర్చింది మూడు వాక్యాలే. "అయ్యా, తమవంటి పెద్దలకు ఇదేమంత దూరం? విమానమెక్కితే నాలుగు వందల ఇరవై కిలోమీటర్లు, యాభై అయిదు నిమిషాలే కదా! పొద్దున ఫలహారం ఇక్కడ, కాఫీ అక్కడ!" అని. ఇది వెటకారమని మిల్లు గేటు ముందు టీ అమ్మేవాడైనా పట్టేస్తాడు. వీళ్ళు మాత్రం చేతులు కట్టుకుని, బుద్ధిగా, దాన్ని మా ఒప్పుకోలు కింద రాసుకున్నారు. కాఫీని వదిలేసి అంకెలు మాత్రం ఏరుకున్నారు.

ముప్ఫై ఏళ్ళుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. అచ్చులో ఇంత దొంగతనం చూడలేదు.

తప్పు చదివినవాడిది, రాసినవాడిది కాదు. ఈ మాట అక్కకు చెప్పాలి. రేపు చెబుతాను.

నవంబరు 7

ప్రెస్సులో పని ఎక్కువగా ఉంది.

నవంబరు 9, శనివారం

వెళ్ళాను. అక్క వరండాలో కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. గింజలు ఒడిలో, తొక్కలు పళ్ళెంలో, పీల్చే మందు మోకాలి పక్కన. మేనకోడలు తను పనిచేసే ట్రావెల్ ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తోంది. నేనింకా కూర్చోనే లేదు.

"మావయ్యా, అమ్మకి విమానం టికెట్టు తీశాం. సెక్షను వాళ్ళంతా తలా కాస్త వేసుకున్నారు. నీకూ, లాయరాంటీకీ కూడా. అయిదో తారీకు పొద్దున్నే మొదటి విమానం."

"ఎవరినడిగి తీశారు?"

"నిన్నడిగితే వ్యాసం రాస్తావని అడగలేదు."

అక్క నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే దగ్గయింది. ఈమధ్య అన్నీ అక్కడికే వెళ్తున్నాయి.

దగ్గు ఆగేదాకా ఆగి చెప్పాను. విమానం ఎక్కడమంటే వాళ్ళ పేరా ఏడు మీద మనం వేలిముద్ర వేయడమే. "చూశారా, ఎక్కింది, దిగింది, ఇబ్బందేముంది?" అంటారు. మిగతా నలభై మందికీ ఆ మాటే చెబుతారు. బస్సులోనే వెళ్ళాలి. రాత్రంతా ప్రయాణం చేసి, ఆ అలసటతోనే బోనులో నిలబడాలి. అప్పుడు తెలుస్తుంది దూరమంటే ఏమిటో.

"నిలబడాల్సింది నేనురా" అంది అక్క. "నీది కూర్చుని చేసే ఉద్యోగం."

"ఇది సూత్రం అక్కా."

"నాకు ఊపిరాడదు, నీకు సూత్రం ఆడుతుంది. ఒరేయ్, నీ మాట నెగ్గాలా, నా కేసు నెగ్గాలా? ఒకటి చెప్పు."

"రెండూ ఒకటే."

"కాదురా" అని ఒక బఠానీ గింజ నా మీదికి విసిరింది. చిన్నప్పుడు గురి తప్పేది కాదు, ఇప్పుడూ తప్పలేదు. "లాయరమ్మ అంతా చెప్పిందిలే. నువ్వేదో ఎగతాళి చేశావట, వాళ్ళు నిజమనుకున్నారట."

"అనుకోలేదు. అనుకున్నట్టు నటించారు."

"నటించినా నష్టం నాకేగా."

మేనకోడలు లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది. జాలిపడినట్టుంది. జాలి నాకు పడదు.

నవంబరు 12

యాభై అయిదు నిమిషాలు! ఎక్కడి నుంచి ఎక్కడికి? నేల విడిచిన చక్రం నుంచి నేల తాకిన చక్రం దాకా. ఆ రెండు చక్రాల మధ్య ఎవరి ఇల్లూ లేదు. విమానాశ్రయం ఊరికి ఆ కొసన, ఇటుక బట్టీలు దాటాక. అక్క గుమ్మంలోంచి అక్కడికి చేరడమే ఒక ప్రయాణం. అక్కడ దిగాక మళ్ళీ ఊరికి ఈ కొసన ఉన్న కొత్త కోర్టుకు ఇంకో ప్రయాణం. కోర్టులో మెట్లున్నాయి. లిఫ్టు ఉందట, ఇంకా ప్రారంభోత్సవం కాలేదట.

ఇదికాక కొత్త ముచ్చట: ఊపిరితిత్తుల రోగి విమానం ఎక్కాలంటే డాక్టరు చీటీ కావాలట. ఛాతీ డాక్టరు గురువారాలే చూస్తాడు. యాభై అయిదు నిమిషాల్లో ఆ గురువారం ఏ నిమిషం కిందికి వస్తుందో పేరా ఏడు రాసిన మహానుభావుడే చెప్పాలి.

దూరం అంకె కాదు. దూరం ఎవరి కాళ్ళతో కొలిచావో ముందు చెప్పు, తర్వాత అంకె చెప్పు. పటాలన్నీ నడవనివాళ్ళే గీస్తారు. బడి మూసేస్తే "పక్క బడి రెండు కిలోమీటర్లే" అంటారు. ఆస్పత్రి ఎత్తేస్తే "అంబులెన్సు ఉందిగా" అంటారు. ఇప్పుడు న్యాయాన్ని ఆకాశంలో పెట్టి "ఎక్కి రండి" అంటున్నారు. న్యాయం అందరికీ సమానమేనట, ఎత్తు మాత్రమే తేడా!

పై వాక్యం బాగా వచ్చింది. వ్యాసంలో వాడాలి.

నవంబరు 14

డాక్టరు అక్క వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, విమానంలో గాలి పలచగా ఉంటుంది, ఎక్కేముందు తప్పనిసరిగా మందు పీల్చాలన్నాడు. మరి బస్సు? చలిలో రాత్రి బస్సు అసలే వద్దన్నాడు.

"మరి ఎలా వెళ్ళాలి?" అన్నాను.

"ఈ స్థితిలో ఎక్కడికీ వెళ్ళకపోవడం మంచిది" అని చీటీ మీద సంతకం పెట్టాడు. విమానానికే.

నవంబరు 21

వ్యాసం పంపాను. మా పత్రిక ఎడిటరు వెటకారం తగ్గించమన్నాడు. అందరూ కూడబలుక్కున్నారు.

డిసెంబరు 5, గురువారం

ఇంటికొచ్చి రాస్తున్నాను. అవును, మా ఇంటికే. రాజధాని చూడనేలేదు.

తెల్లవారుతుండగా విమానాశ్రయం చేరాం. అద్దాల అవతల ఏమీ లేదు. విమానం లేదు, నేల లేదు, ఆకాశం లేదు. తెల్లటి మంచు, అంతే. అక్క అద్దానికి దగ్గరగా వెళ్ళి నిలబడింది.

"మా సెక్షను ఇట్లాగే ఉండేదిరా. పక్కన పనిచేసేదాని మొహం కనపడేది కాదు. దగ్గుని బట్టి గుర్తుపట్టేవాళ్ళం."

బోర్డు మీద "ఆలస్యం" అని వచ్చింది. గంటయినా అదే మాట. కౌంటరులో పిల్లను అడిగితే "మంచు విడగానే సార్" అంది. ఎప్పుడు విడుతుందంటే నవ్వింది. నవ్వడం కూడా ఉద్యోగంలో భాగమే, ఆమెను ఏమీ అనలేదు. అనాలని మాత్రం ఉంది.

అప్పుడు లాయరమ్మ నా మోచెయ్యి పొడిచింది. "అటు చూడకండి. మూడో వరసలో, బూడిదరంగు స్వెట్టరు. జడ్జిగారు."

"ఏ జడ్జి?"

"మన జడ్జే. కోర్టు అక్కడికి పోయిందిగానీ ఆయన కాపురం ఇక్కడే. పిల్లల చదువులు. వారం వారం ఈ విమానంలోనే వెళ్ళొస్తారు."

"అయితే పేరా ఏడు..."

"ఆయన అనుభవంలోంచి వచ్చిందే."

ఆయనకు రెండు వరసల వెనక కంపెనీ లాయరు, కాళ్ళు చాపుకుని బిస్కట్లు తింటున్నాడు. అతనిదీ ఈ ఊరే. జడ్జి, రెండు పక్షాల లాయర్లు, సాక్షి. కోర్టు కోర్టంతా ఇక్కడ మంచు చూస్తూ కూర్చుంది. రాజధానిలో ఉన్నది గోడలు, బంట్రోతు, ప్రారంభోత్సవం కాని లిఫ్టు.

అక్క లేచింది.

"ఎక్కడికి?"

"అడిగొస్తా."

"సాక్షి జడ్జితో విడిగా మాట్లాడకూడదమ్మా" అంది లాయరమ్మ.

"విడిగా ఎందుకు, అందరూ వినేట్టే మాట్లాడతా."

కుర్చీ కుర్చీ పట్టుకుంటూ వెళ్ళింది. ఆయన ముందు నిలబడి ముందు ఊపిరి తీసుకుంది. ఎవరో పెద్దావిడకు ఒంట్లో బాగాలేదనుకుని ఆయన లేచి నిలబడ్డాడు.

"బాబూ, దూది సెక్షను కేసు నాది."

"అమ్మా! మీరు... ఇక్కడ ఆ మాట మాట్లాడకూడదమ్మా."

"మీరున్నారు, నేనున్నాను. అదిగో వాళ్ళ లాయరు, ఇదిగో మా లాయరమ్మ. విమానం ఎటూ లేదు. ఇక్కడే అడిగేయండి, చెప్పేస్తాను."

"ఇక్కడ నేను జడ్జిని కాదమ్మా."

"అక్కడికెళ్తే అవుతారా?"

"అవుతానమ్మా."

"విమానం దిగగానే అవుతారా, కోర్టు గదిలోకి వెళ్ళాకా?"

కంపెనీ లాయరు బిస్కట్టు నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. జడ్జికి కోపం రాలేదు. అదే నాకు కోపం తెప్పించింది. తన నీళ్ళ సీసా మూత తీసి అక్క చేతికిచ్చి, తన కుర్చీలో కూర్చోబెట్టి, తను దూరంగా వెళ్ళి గోడకు ఆనుకున్నాడు. మనిషి దుర్మార్గుడైతే రాయడం సులువు. మర్యాదస్తులు రాసే పేరా ఏడులను ఏమనాలి?

మధ్యాహ్నానికి విమానం రద్దయింది. అందరం ఒకే బస్సులో ఊళ్ళోకి వచ్చాం. అక్క దిగిన స్టాపు తర్వాతి స్టాపులో జడ్జి దిగాడని లాయరమ్మ చెప్పింది. అంటే రెండిళ్ళకీ మధ్య ఒక్క స్టాపు.

ఒక్క స్టాపు! విమానం అక్కర్లేదు.

డిసెంబరు 7

ఇక్కడ మేం మంచులో ఉండగా, అక్కడ బంట్రోతు అలవాటు ప్రకారం వరండాలోకి వచ్చి మూడుసార్లు పిలిచాడట. ఎవరూ పలకలేదు. గుమాస్తా రాసుకున్నాడు: "పిటిషనరు గైర్హాజరు."

"జడ్జి గురించి ఏం రాశాడు?"

"ఆయన 'ఇతర విధుల్లో ఉన్నారు' అని" అంది లాయరమ్మ.

"ఏమిటా విధులు? మా అక్కకు మంచినీళ్ళివ్వడమా? జడ్జి రాకపోతే విధి, అక్క రాకపోతే గైర్హాజరా? ఇద్దరూ ఒకే విమానం కోసం..."

"రచయితగారూ, అది మీ వ్యాసంలో రాయండి. మెమో నేను వేస్తాను. మెమోలో మాత్రం చెయ్యి పెట్టకండి, మీకు దణ్ణం పెడతాను."

మంచువల్ల విమానం రద్దయిందని మెమో వేసింది. పదిహేడో తారీకు ఇచ్చారు. కానీ కిందన ఒక గీత కూడా గీశారు: ఇది చివరి అవకాశం. ఆ రోజు పిలుపుకి అక్క పలకకపోతే కేసు కొట్టేస్తారు.

డిసెంబరు 10

అక్క నిర్ణయించేసింది. బస్సు. రాత్రి కాదు, పగలు. ఉన్న ఒక్క రైలూ రాత్రిదే. పదిహేనున బయల్దేరి సగం దారిలో ఆగాలి. అక్కడ సెక్షనులో తనతో పాతికేళ్ళు పనిచేసిన మనిషి కూతురి దగ్గర ఉంటోందట, రాత్రికి వాళ్ళింట్లో. పదహారున మిగతా సగం.

వద్దే వద్దన్నాను. రెండు రోజులు బస్సులో ఆ దుమ్ములో, ఆ కుదుపులో ఏమైనా అయితే? విమానంలోనే వెళ్దాం, కావాలంటే ముందురోజే వెళ్దామన్నాను.

"ముందురోజు మాత్రం మంచు ఉండదా? ఈ వారంలో మూడుసార్లు రద్దు చేశారని నా కూతురే చెప్పింది. అయినా మొన్నటిదాకా బస్సూ బస్సూ అని నా ప్రాణం తీసింది నువ్వేగా?"

"అప్పటి సంగతి వేరు."

"అప్పుడు నీ వాదన. ఇప్పుడు నీ భయం. రెంటికీ నేనేనా దొరికింది?"

మేనకోడలు వాకిట్లోంచి అంది: "అమ్మా, మావయ్య వద్దన్నదల్లా చేస్తే సరిగ్గా చేరతాం."

రద్దయిన టికెట్లను తిరుగు ప్రయాణానికి మార్చిందట. ఆ పిల్ల ఉద్యోగం బాగానే చేస్తోంది. పైకి అనలేదు.

డిసెంబరు 15

సగం దారి. చేరాం.

ఆ పాత స్నేహితురాలు అక్కను చూసి "ఇంకా ఉన్నావా నువ్వు?" అంది. "నీకోసమే ఆగాను, ముందు నువ్వెళ్ళు" అంది అక్క. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టి, నవ్వు దగ్గయి, ఒకరు దగ్గుతుంటే ఒకరు కథ కొనసాగిస్తూ, వంతులవారీగా మిల్లు మేస్త్రీని తిట్టుకున్నారు. ఆవిడ కేసు కూడా ఆ నలభైలో ఉంది. నేను పక్క గదిలో కూర్చుని ఏ దగ్గు ఎవరిదో గుర్తుపట్టగలనా అని విన్నాను. కాసేపటికి తెలిసిపోయింది. అది తెలియకుండా ఉంటే బాగుండేది.

డిసెంబరు 16

చేరాం. దారి గురించి రాయను. రెండుచోట్ల బస్సు ఆపించాను. రెండోచోట డ్రైవరు విసుక్కోలేదు. కిందికి దిగి, అక్క కూర్చోవడానికి తన సీటు దిండు తెచ్చి రాయి మీద వేశాడు.

డిసెంబరు 17, మంగళవారం

వరసగా రాయాలి.

కోర్టు తెరవకముందే వెళ్ళాం. మెట్ల దగ్గరే ఎక్కువసేపు పట్టింది. బంట్రోతు వరండాలోకి వచ్చి పిలిచాడు. రెండో పిలుపు అవసరం రాలేదు. "ఉన్నాను బాబూ, ఇదిగో, ఉన్నాను" అంది అక్క, బెంచీ మీదనుంచే. "ఉన్నానని రాశారా? రాసింది చూపించండి." గుమాస్తా చూపించాడు. చదివి వినిపించమంది. వినిపించాడు.

జడ్జి ముందురోజే రైల్లో వచ్చేశాడట. కంపెనీ లాయరు లేడు. అతని జూనియరు లేచి చేతులు నలుపుకున్నాడు. "సార్, సీనియరుగారు విమానాశ్రయంలో ఉన్నారు. మంచు విడగానే యాభై అయిదు నిమిషాల్లో..."

ఆ అంకె నేను అనలేదు. దేవుడున్నాడని నమ్మను గానీ, ఉంటే ఆ క్షణాన ఆ గదిలోనే ఉన్నాడు. లాయరమ్మ నా వైపు చూసి, నోరు విప్పితే చంపేస్తానన్నట్టు కళ్ళెర్రజేసింది. విప్పలేదు.

జడ్జి తలెత్తి అక్కను చూశాడు. గుర్తుపట్టాడు. "మధ్యాహ్నం దాకా ఆగగలరా అమ్మా?"

"ఆగుతాను. ఆగడం నాకు అలవాటే."

కంపెనీ లాయరు రెండింటికి వచ్చాడు. జుట్టు చెదిరి, టై వదులై. చూసి ఆనందించాను. ఎంతోసేపు నిలవలేదు ఆ ఆనందం.

లాయరమ్మ అడిగినవాటికి అక్క చక్కగా చెప్పింది. కిటికీలు ఎందుకు మూసేవాళ్ళో చెప్పింది, గాలి తగిలితే దూది ఎగిరి పాడవుతుందని. ముక్కుకు గుడ్డ అడిగితే మేస్త్రీ ఏమన్నాడో చెప్పింది. తర్వాత కంపెనీ లాయరు లేచాడు.

"ఈ ఊరికి ఎలా వచ్చారమ్మా?"

"బస్సులో."

"ఎన్నాళ్ళు?"

"రెండు రోజులు."

"రెండు రోజులు బస్సులో కూర్చున్నారు. మెట్లు ఎక్కారు, దిగారు. ఈ కోర్టు మెట్లు కూడా ఎక్కారు."

"ఎక్కాను."

"అంతటి ప్రయాణం చేయగలిగారంటే, మీ ఊపిరితిత్తులు మీరు చెబుతున్నంతగా పాడవలేదని ఒప్పుకుంటారా?"

నాకు ఒళ్ళంతా మంట లేచింది. ఇదీ వీళ్ళ లెక్క! విమానంలో వస్తే ఇబ్బంది లేదు. బస్సులో వస్తే జబ్బు లేదు. రాకపోతే కేసే లేదు. మూడు దారులూ వాళ్ళ గుమ్మంలోకే తెరుచుకుంటాయి. లేవబోయాను. లాయరమ్మ నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

అక్క జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.

దగ్గు వచ్చింది. అది రోజూ వినే దగ్గు కాదు. రెండు రోజుల రోడ్డంతా, ఇరవై ఆరేళ్ళ గదంతా ఒక్కసారి బయటికి రావడానికి తోసుకుంటున్నట్టు. బోను కర్ర పట్టుకుని వంగిపోయింది. మేనకోడలు పరుగెత్తి మందు నోటికి అందించింది. టైపు చేసే అమ్మాయి వేళ్ళు గాలిలో ఆగిపోయాయి.

"సార్, ఏమని రాయమంటారు?"

జడ్జి గోడ గడియారం వంక చూస్తున్నాడు. "ఆగు" అన్నాడు.

గదంతా ఆగింది. కంపెనీ లాయరు కాగితాలు సర్దుకున్నాడు, మళ్ళీ సర్దుకున్నాడు. దగ్గు సన్నబడింది, ఆగింది, మళ్ళీ వచ్చింది, ఆగింది. జడ్జి అప్పుడు గడియారం మీదనుంచి చూపు తిప్పాడు.

"రాయి. జవాబు చెప్పబోయి సాక్షి దగ్గారు. నాలుగు నిమిషాల పాటు."

"అభ్యంతరం సార్" అన్నాడు కంపెనీ లాయరు. "దగ్గు జవాబు ఎలా అవుతుంది?"

"ప్రశ్న మీదే కదా."

అక్క తల పైకెత్తింది. కళ్ళు ఎర్రగా, నీళ్ళు కారుతూ. గొంతు లేదు, అయినా అంది: "ఒప్పుకోను బాబూ."

అదీ రాశారు.

డిసెంబరు 18

విమానంలో తిరిగి వచ్చాం. అక్కకు కిటికీ పక్క సీటు. మంచు లేదు. పైకి లేవగానే మందు చేతిలో పట్టుకుని, మొహం కిటికీకి ఆనించింది, దిగేదాకా తిప్పలేదు. కింద మేం రెండు రోజులు పడి వచ్చిన రోడ్డు దారప్పోగులా ఉందట. "పోగు తెగినట్టుంది చూడరా అక్కడ" అంది. నేను బస్సు ఆపించింది అక్కడే కాబోలు.

విమానం యాభై అయిదు నిమిషాల్లోనే దిగింది. ఒక్క నిమిషం ఎక్కువ కాలేదు. ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను.

"వాళ్ళు చెప్పింది అబద్ధం కాదురా" అంది అక్క.

"అబద్ధమైతే ఇంత బాధ ఉండేది కాదు" అన్నాను.

జనవరి 9

తీర్పు వచ్చింది. లాయరమ్మ ఫోనులో ఏడ్చింది, ఆవిడకు ఏడుపు వస్తుందని ఇప్పుడే తెలిసింది.

"పిటిషనరు జబ్బు మిల్లులోని దూది దుమ్మువల్ల వచ్చినదే." ఒక్క వాక్యం. అక్కకు మూడుసార్లు చదివి వినిపించాను. నాలుగోసారి చదవమంది. నాలుగు నిమిషాల దగ్గు కూడా ఉంది తీర్పులో, ఒక పేరా అంతా. ఆ పేరా చదవబోతే "అది నాకు తెలుసులే" అంది.

సాయంత్రం దాకా సెక్షను వాళ్ళు వస్తూనే ఉన్నారు. వరండా మెట్టు ఎక్కలేనివాళ్ళు కింద అరుగు మీద కూర్చున్నారు. అందరూ వెళ్ళాక అక్క అడిగింది: "ఇప్పుడు వీళ్ళ కేసులు మొదలు. వీళ్ళందరినీ అక్కడికి ఎట్లా తీసుకెళ్తావురా?"

మళ్ళీ మొదటికొచ్చింది. కోర్టు అక్కడే ఉంది, పేరా ఏడూ అక్కడే ఉంది. గెలిచిన రోజున కూడా వీళ్ళు మనిషిని సంతోషంగా ఉండనివ్వరు.

జనవరి 10

కొత్త అర్జీ. లాయరమ్మ నన్నే రాయమంది. ఒకటే షరతు, వెటకారం ఉండకూడదు. ప్రెస్సు నుంచి సెలవు పెట్టి అక్క వరండాలో కూర్చుని రాశాను. చింపాను. రాశాను. పొడిగా రాయడం ఇంత కష్టమని ఇన్నేళ్ళూ తెలియదు. చివరికి ఇంత మిగిలింది:

"అయ్యా, మేం నలభై మందిమి. దూరం రాలేం. వస్తే మాలో కొందరు తిరిగి ఇల్లు చేరరు. మీరే ఇక్కడికి వచ్చి మా సాక్ష్యం వినండి. గది మేం చూపిస్తాం."

దాని కింద ఇంకో వాక్యం దానంతటదే వచ్చింది: "మీ ఇల్లు ఎలాగూ ఇక్కడే కదా." చూసుకుని, నాలిక కరుచుకుని, అడ్డంగా కొట్టేశాను.

అక్క కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది. కొట్టేసిన దగ్గర వేలు పెట్టింది.

"ఇదెందుకు తీశావు?"

"వెటకారం వద్దన్నారుగా."

"ఇందులో వెటకారం ఏముందిరా? నిజమేగా" అంది. "ఉంచు."

ఉంచాను.